లేత్ పట్టించినా, కొత్త డిస్కులు వేసినా మళ్లీ వచ్చిన బ్రేక్ వణుకు: ఒక కేస్ స్టడీ

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందని కస్టమర్ అనగానే చాలా వర్క్‌షాపుల్లో నోటికొచ్చే మొదటి మాట "డిస్కులు బెండ్ అయినట్టున్నాయి, మార్చేద్దాం సార్". మారుస్తారు, వణుకు పోతుంది, బిల్లు కడతారు, అందరూ హ్యాపీ. కొన్ని నెలలు పోయాక అదే వణుకు, అదే స్పీడులో మళ్లీ మొదలవుతుంది. ఈసారి నింద డిస్కులు తయారుచేసిన కంపెనీ మీద పడుతుంది. ఇలా పోయినట్టే పోయి తిరిగొచ్చే వణుకుకి అసలు కారణం చాలావరకు డిస్కు వెనక, అది కూర్చునే హబ్ దగ్గర, అంటే చక్రాన్ని బిగించే తిరిగే భాగం దగ్గర, దొరుకుతుంది. ఈ కేసు అలాంటిదే. కొలతలతో సహా మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో కొలవకుండా ఏం మాట్లాడినా అది అంచనాయే.

బండి వివరాలు

మధ్య సైజు సెడాన్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. ముందు వెంటిలేటెడ్ డిస్కులు, అంటే మధ్యలో గాలి ఆడే సందులున్న రకం, కొత్తప్పుడు మందం 22 మి.మీ., కనీస మందం 20 అని డిస్కు మీదే పోత పోసి ఉంది. వెనక డ్రమ్ములు. టైర్లు 195/55 ఆర్16, చక్రానికి ఐదు నట్లు.

మొదటిసారి వణుకు వచ్చినప్పుడు ఓనర్ వేరే చోట డిస్కులు విప్పించి లేత్ పట్టించారు, అంటే మెషిన్ మీద పైపైన చెక్కించి చదును చేయించారు. పోయింది, కొన్ని వేల కిలోమీటర్లకి మళ్లీ వచ్చింది. రెండోసారి కొత్త డిస్కులు, వాటిని రెండు వైపులా నొక్కే కొత్త ప్యాడ్లు వేయించారు. ఈసారి ఆరు వేల కిలోమీటర్ల దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత మళ్లీ షురూ. మధ్యలో ఎవరో చెబితే వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, ఒక టై రాడ్ ఎండ్ కూడా అయ్యాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన అడిగింది ఒక్కటే, "ఈసారి కాస్త ఖరీదైన డిస్కులు వేసేద్దామండీ, ఇవి నాసిరకం అనుకుంటా."

డిస్కుల సంగతి తర్వాత చూద్దాం అని చెప్పి నేను అడిగినవి వేరే. కొత్తవి వేసిన మొదటి రోజు నుంచే వణికిందా, కొన్నాళ్లకి మొదలైందా? ఏ స్పీడులో? చేతుల్లో తెలుస్తోందా, కాలికి తెలుస్తోందా, సీటులో తెలుస్తోందా? టైర్లు ఎప్పుడు విప్పారు, నట్లు దేనితో బిగించారు? మొదటి ప్రశ్నకి ఆయన చెప్పిన జవాబుతోనే సగం పని అయిపోయింది. వేసిన కొత్తలో వెన్నలా ఆగిందట. డిస్కు తయారీలోనే మందం తేడా ఉంటే మొదటి రోజే తెలిసిపోతుంది. ఆరు వేల కిలోమీటర్లు ఓపిక పట్టి వచ్చిందంటే ఆ డిస్కుని ఏదో ఒకటి రోజూ కొంచెం కొంచెం పాడు చేస్తోందన్నమాట. అదేమిటో కనిపెట్టకుండా మూడో జత వేస్తే నాలుగో జతకి అడ్వాన్స్ తీసుకున్నట్టే.

రోడ్డు మీద

వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద 100 కి.మీ. వేగానికి తీసుకెళ్లి మెల్లగా బ్రేక్ వేస్తే 95 దగ్గర మొదలై 75 దాకా స్టీరింగ్ ఎడమా కుడీ కొట్టుకుంటోంది. కాలి కింద పెడల్ కూడా సన్నగా తన్నుతోంది. 60 కిందకి వచ్చాక దాదాపు ఏమీ లేదు. బ్రేక్ వేయకుండా అదే 100లో, 110లో వదిలేస్తే స్టీరింగ్ నిశ్శబ్దంగా ఉంది, కాబట్టి బ్యాలెన్సింగ్, టైరు ఉబ్బు లాంటివి ఈ లెక్కలోంచి పోయాయి. బ్రేకులు కాస్త వేడెక్కాక వణుకు పెరిగింది, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

వెనక డ్రమ్ముల్ని విడిగా చూడటానికి ఖాళీ రోడ్డు మీద 50 వేగంలో పెడల్ తాకకుండా, బటన్ నొక్కి పట్టుకునే, హ్యాండ్‌బ్రేక్ నెమ్మదిగా లాగాను. సీటు కదల్లేదు, ఊపు లేదు. డ్రమ్ము కోడిగుడ్డు ఆకారంలోకి పోయి ఉంటే ఇక్కడ నడుముకి తెలిసేది. ఈ పరీక్ష కేబుల్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండ్లకే, అదీ పొడి రోడ్డు మీదే. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్నవాటిలో చేయకండి. తడి రోడ్డు మీద ఏ బండిలోనూ చేయకండి.

ఒక చిన్న లెక్క. ఈ టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. 100 వేగంలో బండి సెకనుకి 27.8 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకి సుమారు 14 సార్లు తిరుగుతుంది. డిస్కులో ఒక చోట తేడా ఉంటే సెకనుకి 14 సార్లు ప్యాడ్లని తడుతుంది. చాలా కార్ల ముందు సస్పెన్షన్, స్టీరింగ్ కలిసి సెకనుకి 10 నుంచి 20 సార్ల మధ్య ఊపుకి బాగా స్పందిస్తాయి. అందుకే వణుకు ఒక స్పీడు పరిధిలోనే గట్టిగా ఉండి, అది దాటాక మాయమైనట్టు కనిపిస్తుంది. 60లో వణకడం లేదు కాబట్టి డిస్కు బాగుందనుకోకూడదు, తేడా అక్కడే ఉంటుంది, బండి దానికి ఊగడం లేదంతే.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే బ్రేకులు తక్కువ వాడి, ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూశాను. ఎడమ డిస్కు 118 డిగ్రీలు, కుడిది 71. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, అందుకని రెండు వైపులా డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం మీద, తుప్పు రంగున్న చోటే కొలవాలి. అసలు వేడి ఎంత అనేదానికంటే రెండు వైపులకీ తేడా ఎంత అనేదే ముఖ్యం. ఎడమ వైపు బ్రేక్ పూర్తిగా వదలడం లేదు.

లిఫ్ట్ మీద

చక్రాలు విప్పేటప్పుడే ఇంకో కథ బయటపడింది. ఎడమ చక్రానికి రెండు నట్లు చేతి రెంచ్‌కే సులువుగా వదిలాయి, ఇంకొకటి రెంచ్‌కి పొడుగాటి పైపు తొడిగి లాగితే గానీ కదల్లేదు. ఇంపాక్ట్ గన్‌తో గడగడా బిగించేసి, బిగువుని కొలిచి బిగించే టార్క్ రెంచ్ జోలికి పోకుండా పంపినప్పుడు ఇలాగే ఉంటుంది. చక్రానికీ హబ్‌కీ మధ్య నలిగేది డిస్కు మధ్యభాగమే. నట్లు ఒక్కోటి ఒక్కో బిగువులో ఉంటే ఆ ఒత్తిడి డిస్కుని ఒక పక్కకి లాగుతుంది, వేడెక్కిన కొద్దీ అది ఇంకా తేలుతుంది.

బేరింగ్‌లో ఆట లేదు, పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను, తిప్పితే గరగర కూడా లేదు. బాల్ జాయింట్లు బాగున్నాయి. చక్రాన్ని బండి అడుగుకి కలిపే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లో, అంటే రబ్బరు జాయింటులో, సన్నటి పగుళ్లు ఉన్నాయి కానీ రబ్బరు ఇంకా ఊడలేదు. ఇవి వణుకు పుట్టించవు, పుట్టిన వణుకుని పెంచి చేతికి అందిస్తాయి. వదులు బుష్‌లు మార్చగానే వణుకు తగ్గిందని సంబరపడి వదిలేసిన బండ్లు చాలా ఉంటాయి, డిస్కులో తేడా అలాగే ఉంటుంది, కొత్త బుష్ కొన్నాళ్లు దాన్ని దాచిపెడుతుంది.

ప్యాడ్లని డిస్కు మీదికి నొక్కే ఎడమ క్యాలిపర్ చూస్తే, అది అటూ ఇటూ జరగడానికి ఉన్న స్లైడ్ పిన్నుల్లో పైది వేళ్లతోనే లోపలికీ బయటికీ కదిలింది. కింది పిన్ కదల్లేదు. గట్టిగా తిప్పి లాగితే వచ్చింది, చివరనున్న రబ్బరు బుష్ ఉబ్బిపోయి రంధ్రానికి బిర్రుగా పట్టేసింది. మామూలు ఛాసిస్ గ్రీజు రాశారు. పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది, అక్కడ సిలికాన్ లేదా బ్రేకుల కోసమే చేసిన సింథటిక్ గ్రీజు తప్ప ఇంకేదీ పనికిరాదు. పైగా చాలా క్యాలిపర్లలో రెండు పిన్నులూ ఒకేలా ఉండవు, రబ్బరు చివర ఉన్నది పైనా కిందా అనేది మాన్యువల్ చూసి పెట్టాలి, అటూ ఇటూ మార్చి పెట్టినా ఇదే గతి.

పిన్ పట్టేస్తే, ప్యాడ్‌ని తోసే పిస్టన్ వైపు ఉన్న లోపలి ప్యాడే పనంతా చేస్తుంది, బ్రేక్ వదిలాక కూడా డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. ఎడమ లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా అరిగింది, అదీ ఏటవాలుగా, ఒక చివర మందంగా ఒక చివర పల్చగా. పిస్టన్ మాత్రం మెల్లగా నొక్కితే సాఫీగా వెనక్కి పోయింది. బ్రేక్ ఫ్లూయిడ్ వచ్చే హోస్ లోపల మూసుకుపోయిందేమో అన్న అనుమానం కూడా తీర్చుకున్నాను. పెడల్ నొక్కి వదిలాక చక్రం బిగుసుకుని ఉంటే క్యాలిపర్ మీద ఫ్లూయిడ్ బయటికి వదిలే బ్లీడర్ స్క్రూ కొంచెం వదులు చేయాలి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలేస్తే తప్పు హోస్‌లోనో పైన, పెడల్ నొక్కితే ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్‌లోనో ఉన్నట్టు, వదలకపోతే క్యాలిపర్‌లో ఉన్నట్టు. ఇక్కడ బ్లీడర్ తెరిచినా రాపిడి అలాగే ఉంది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. పిన్ దొరికింది కదా, శుభ్రం చేసి కొత్త డిస్కులు వేసి పంపేద్దాం అని. కానీ పిన్ ఒక్కటే పట్టేస్తే డిస్కు చుట్టూ సమానంగా అరగాలి, ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ ఎందుకు అరుగుతుంది?

డయల్ గేజ్ ఏం చెప్పింది

డిస్కు విప్పకముందే దానికీ హబ్ బోల్టుకీ కలిపి మార్కర్‌తో గీత పెట్టాను. ఈ గీత లేకుండా డిస్కు లాగేశారంటే సాక్ష్యం సగం పోయినట్టే. తర్వాత ఐదు నట్లూ వాషర్లు వేసి సమానంగా బిగించి, డయల్ గేజ్ ముల్లుని డిస్కు బయటి అంచు నుంచి 10 మి.మీ. లోపలికి ఆనించి చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. నట్లు వేయకుండా డిస్కుని ఊరికే వేలాడదీసి కొలిస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. ఇంకో జాగ్రత్త, గేజ్ అయస్కాంతం స్టాండుని బేరింగ్ దగ్గర అంటించకండి, కొన్ని బేరింగుల సీల్‌లోనే ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. నేను సస్పెన్షన్ స్ట్రట్ మీద పెడతాను.

కుడి వైపు రనౌట్, అంటే తిరిగేటప్పుడు డిస్కు పక్కలకి ఊగే కొలత, 0.04 మి.మీ. ఎడమ వైపు 0.11. హద్దు ఎంత అనేది ఒక్కో కంపెనీ మాన్యువల్‌లో ఒక్కోలా ఉంటుంది, చాలావాటిలో 0.05 నుంచి 0.10 మధ్య రాసి ఉంటుంది. నేనైతే 0.05 దాటనివ్వను.

తర్వాత మైక్రోమీటర్‌తో మందం. డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల, అన్నీ అంచు నుంచి ఒకే దూరంలో. వెర్నియర్‌తో కొలిచి "మందం బాగానే ఉంది" అనేవాళ్లకి ఒక మాట: మామూలు వెర్నియర్ చదవగలిగేదే 0.02 మి.మీ., పైగా అరిగిన డిస్కు అంచున మిగిలే గట్టు దాని దవడలకి అడ్డం పడుతుంది. మనం వెతికే తేడా అంతకంటే చిన్నది కావచ్చు. కుడి డిస్కులో తేడా 0.009. ఎడమ డిస్కులో అన్నిటికంటే మందమైన చోట 21.636, పల్చటి చోట 21.612, అంటే తేడా 0.024 మి.మీ., 24 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదేమో, దానికే టన్ను పైన బరువున్న బండి స్టీరింగ్ గజగజలాడుతోంది. 0.015 దాటితే చాలా బండ్లలో చేతికి తెలిసిపోతుంది, కొన్నిట్లో అంతకంటే ముందే.

రనౌట్ వేరు, మందం తేడా వేరు, వీటిని కలిపేయడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతుంది. డిస్కు మందం చుట్టూ సమానంగా ఉండి, పక్కలకి మాత్రం కొంచెం ఊగితే ఏమవుతుంది? ఫ్లోటింగ్ క్యాలిపర్ దానితో పాటే పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది, పిస్టన్ కదలక్కర్లేదు, డ్రైవర్‌కి పెద్దగా ఏమీ తెలియదు. అందుకే కొత్త డిస్కు 0.11 రనౌట్‌తో కూర్చున్నా మొదటి రోజు సాఫీగా ఆగుతుంది. అసలు నష్టం జరిగేది బ్రేక్ వేయనప్పుడు. హైవే మీద గంటల తరబడి పోతున్నప్పుడు ప్యాడ్లు డిస్కుకి వెంట్రుకవాసిలో ఉంటాయి, ఊగే డిస్కు తన ఎత్తుగా ఉన్న చోటుని ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌కి రాసుకుంటూ పోతుంది. కొన్ని ప్యాడ్లు అక్కడ ఇనుముని అరగదీస్తాయి, కొన్ని ప్యాడ్ల పదార్థం అక్కడ పూతలా అంటుకుంటుంది. ఎలా చూసినా కొన్ని వేల కిలోమీటర్లకి మందం తేడా తయారు. ఇక బ్రేక్ వేసినప్పుడు మందమైన చోటు ప్యాడ్ల మధ్యకి రాగానే పిస్టన్ వెనక్కి తోసుకుంటుంది, ఫ్లూయిడ్ ప్రెషర్ పెరిగి పెడల్ తన్నుతుంది, ఆ క్షణం చక్రం మీద బ్రేక్ పట్టు పెరుగుతుంది, పల్చటి చోటు రాగానే తగ్గుతుంది. పెరిగి తగ్గే ఆ పట్టే సస్పెన్షన్ మీదుగా స్టీరింగ్ రాడ్డుకి, అక్కడి నుంచి చేతుల్లోకి వస్తుంది.

ఈ డిస్కులో పల్చటి చోట్లు రెండు కనిపించాయి, ఒకటి లోతు, ఇంకోటి దానికి సరిగ్గా ఎదురుగా, చాలా కొద్దిగా. ఇది కథకి సరిపోయింది. ఊగే డిస్కు బయటి ముఖం ఒక చోట బయటి ప్యాడ్‌ని తాకితే, లోపలి ముఖం దానికి ఎదురు చోట లోపలి ప్యాడ్‌ని తాకుతుంది. పిన్ పట్టేయడం వల్ల లోపలి ప్యాడ్ ఎప్పుడూ అతుక్కునే ఉంది, కాబట్టి అటు అరుగుదల ఎక్కువ. రనౌట్ లేకుండా పిన్ ఒక్కటే ఉంటే ఇంత త్వరగా ఇలా అయ్యేది కాదు, పిన్ బాగుండి రనౌట్ ఒక్కటే ఉంటే ఇంకా ఆలస్యంగా వచ్చేది. రెండూ కలిసి ఆరు వేలలో పని పూర్తి చేశాయి.

హబ్ ముఖం

డిస్కు తీశాక హబ్ ముఖం చూస్తే మధ్య గుబ్బ చుట్టూ, బోల్టుల మొదళ్ల దగ్గర తుప్పు పొక్కులు కట్టి ఉంది. ఒక చోట మాత్రం ఆ తుప్పు ఎర్రగా లేదు, నెలవంక ఆకారంలో, నల్లగా, నున్నగా మెరుస్తోంది. డిస్కు వెనక్కి తిప్పి చూస్తే టోపీ లోపల కూడా అదే ఆకారంలో మచ్చ. నేను పెట్టిన గీతలు కలిపి చూస్తే రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. కొత్త డిస్కుని ఆ తుప్పు మీదే పెట్టి బిగించారు, అంతకుముందు లేత్ పట్టించిన డిస్కునీ అలాగే పెట్టి ఉంటారు. లేత్ మీద ఎంత బాగా చెక్కినా ఏం లాభం, కూర్చునే పీటే ఏటవాలుగా ఉంటే.

లెక్క చూడండి. ఈ హబ్ అంచు కేంద్రం నుంచి 65 మి.మీ., మనం డిస్కు మీద కొలిచేది 120 మి.మీ. దగ్గర. హబ్ దగ్గర తేడా డిస్కు అంచుకి వచ్చేసరికి 1.8 రెట్లకి పైగా పెరుగుతుంది. అంటే హబ్ మీద 0.03 మందం తుప్పు ఒక పక్క ఇరుక్కుంటే చాలు, డిస్కు దగ్గర 0.055 అవుతుంది.

వైర్ బ్రష్, ఎమెరీ పేపర్, బోల్టుల చుట్టూ తిరిగే చిన్న బ్రష్ బిట్, ఇవి చాలు. గ్రైండర్ రాయి పెట్టి హబ్ ముఖం గీకకండి, తుప్పుతో పాటు ఇనుము కూడా పోయి కొత్త ఏటవాలు తయారవుతుంది. శుభ్రం అయ్యాక, ఎలాగూ పారేసేదే అయినా, పాత డిస్కుని అదే గీత మీద మళ్లీ పెట్టి కొలిచాను. 0.11 కాస్తా 0.05 అయింది. ఆ పోయిన 0.06 అచ్చంగా తుప్పుదే. ఓనర్‌ని పిలిచి గేజ్ ముల్లు చూపించాను, ఖరీదైన డిస్కుల ప్రస్తావన మళ్లీ రాలేదు. హబ్ ముఖాన్ని విడిగా కొలిస్తే 0.025, హబ్ హద్దులోనే ఉంది, బేరింగ్ మార్చే అవసరం లేదు.

లేత్ పట్టాలా, మార్చాలా

మందం 21.6 ఉంది, కనీసం 20, కాబట్టి లేత్ పట్టడానికి కావలసినంత లోహం ఉంది. అయినా మార్చమనే చెప్పాను, కారణం లోపలి ముఖం మీది నీలి మచ్చలు. డిస్కు పోత ఇనుముతో చేసింది. ఒక చోట దాదాపు 700 డిగ్రీలు దాటేంత వేడెక్కి త్వరగా చల్లారితే ఆ చోట ఇనుము స్వభావమే మారి సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. అది పై పొరలోనే ఉండదు, లోపలికీ దిగి ఉంటుంది. పైన చెక్కితే నున్నగా కనిపిస్తుంది కానీ తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి ఇనుము అరుగుతూ, ఆ గట్టి మచ్చ అరగకుండా, మళ్లీ ఎత్తుగా నిలబడుతుంది. నీలి మచ్చలు లేని డిస్కు అయితే, మందం కూడా ఉంటే, నేను లేత్‌కే ఓటేస్తాను. అదీ బండి మీదే బిగించి చెక్కే లేత్ దొరికితే ఇంకా మేలు, హబ్‌లో ఉన్న కొద్దిపాటి ఏటవాలు కూడా లెక్కలో సర్దుకుంటుంది.

మార్చితే రెండు వైపులా మార్చాలి, ప్యాడ్లతో సహా. ఎడమ ఒక్కటే కొత్తదైతే రెండు వైపులా పట్టు తేడా వస్తుంది. పాత ప్యాడ్లు పాత డిస్కు మీది గాడులకి తగ్గట్టు అరిగి ఉంటాయి, ఈ కేసులో అయితే ఏటవాలుగా కూడా ఉన్నాయి.

కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా రాసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో రెండు ముఖాలా కడిగాను. ఎడమ వైపు కొత్త డిస్కుని మొదట పెట్టిన చోట రనౌట్ 0.06 వచ్చింది. ఒక బోల్టు జరిపి పెడితే 0.05, ఇంకో బోల్టు జరిపితే 0.03. హబ్‌లో ఉన్న కొద్దిపాటి వంపుని, డిస్కులో ఉన్న కొద్దిపాటి వంపుని ఎదురెదురుగా పెట్టడమే ఇది, ఖర్చు లేదు, కొన్ని నిమిషాల పని. డిస్కుని ఒకే చోట బిగించే చిన్న స్క్రూ ఉన్న బండ్లలో ఇలా తిప్పడం కుదరదు, అక్కడ ఏటవాలు షిమ్ ప్లేట్లు వాడతారు. కుడి వైపు హబ్ శుభ్రం చేసి పెడితే మొదటి చోటే 0.03.

పిన్నులకి కొత్త రబ్బర్లు, సరైన గ్రీజు, ప్యాడ్ చెవులు కూర్చునే క్లిప్పుల కింద తుప్పు గీకి కొత్త క్లిప్పులు. క్యాలిపర్‌ని పని జరుగుతున్నంతసేపూ వైరుతో స్ప్రింగుకి కట్టాను, హోస్ మీద వేలాడదీయలేదు. హబ్ మధ్య గుబ్బకి మాత్రం తుప్పు పట్టకుండా పల్చగా యాంటీసీజ్ రాశాను, ముఖానికీ బోల్టు మరలకీ కాదు. మరలకి జిడ్డు తగిలితే టార్క్ రెంచ్ టిక్కుమన్నా అసలు బిగువు వేరే ఉంటుంది. నట్లు నక్షత్రం వరసలో రెండు విడతలుగా, చివరికి ఈ బండి మాన్యువల్ చెప్పిన 110 న్యూటన్ మీటర్లకి.

తర్వాత బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్లనీ డిస్కులనీ ఒకదానికొకటి అలవాటు చేయడం. 60 వేగం నుంచి 10 దాకా మధ్యస్తంగా నొక్కుతూ, పూర్తిగా ఆగకుండా, మధ్యలో కాస్త దూరం ఇస్తూ ఎనిమిది పది సార్లు, ఆ తర్వాత కొన్ని నిమిషాలు దాదాపు బ్రేక్ లేకుండా నడిపి చల్లారనివ్వడం. ప్యాడ్ల కంపెనీ వేరే పద్ధతి రాసి ఉంటే దాన్నే పాటించాలి. దీనివల్ల ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమానమైన పల్చటి పొరగా ఎక్కుతుంది. వేడి మీద ఉన్నప్పుడు బండి ఆపి పెడల్ గట్టిగా తొక్కిపట్టుకుంటే ప్యాడ్ ఆకారంలో అచ్చు పడుతుంది, అక్కడి నుంచే కొత్త వణుకు మొదలు. కొత్త డిస్కులు వేసిన రోజే ట్రాఫిక్‌లో పడి గట్టిగా బ్రేకులు కొట్టి పాడు చేసుకునేవాళ్లు ఇలాగే చేస్తారు.

ఓనర్‌కి చెప్పినవి

టైర్లు ఎక్కడ మార్చినా, పంక్చర్ వేయించినా నట్లు చివర టార్క్ రెంచ్‌తోనే బిగించమని అడగండి, లేదా ఒకటి కొనుక్కుని మీరే సరిచూసుకోండి. పొడుగాటి దిగువల్లో గేరు తగ్గించి దిగండి, బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకండి. గట్టిగా బ్రేక్ వేసి ఆపాల్సి వస్తే, చోటుంటే పెడల్ మీద ఒత్తిడి తగ్గించి బండిని కొంచెం ముందుకి జరగనివ్వండి. హైవే దిగి నేరుగా వాషింగ్‌కి పోయి వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టించకండి. కడిగాక వెంటనే ఎక్కువ రోజులు పక్కన పెట్టాల్సి వస్తే ముందు కాస్త నడిపి రెండు మూడు సార్లు బ్రేక్ వేసి డిస్కులు ఆరనివ్వండి, తడి మీద ప్యాడ్ అతుక్కున్న చోట తుప్పు మచ్చ పడుతుంది. వాన పడిన మర్నాడు కనిపించే పై పై తుప్పు, మొదటి రెండు బ్రేకుల గరగర మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ స్లైడ్ పిన్నులు విప్పి చూడాలి, ఇది అడిగి చేయించుకోవాల్సిన పని, ఎందుకంటే అడగకపోతే చాలాచోట్ల చేయరు.

ఒక్క తేడా కూడా చెప్పాను. బాగా మెల్లగా, పూర్తిగా ఆగబోయే ముందు మాత్రమే పెడల్ టకటకా కొట్టుకుంటే అది ఈ కథ కాకపోవచ్చు. వీల్ స్పీడ్ సెన్సర్ దగ్గర మురికో తుప్పో చేరి తప్పుడు సిగ్నల్ ఇస్తే ఏబీఎస్ అనవసరంగా పనిచేస్తుంది, దానికి స్కానర్ పెట్టి నాలుగు చక్రాల స్పీడు పక్కపక్కన చూడాలి, డిస్కులు మార్చి లాభం లేదు.

పాత డిస్కులు ఆరు వేలకే వణికాయి కాబట్టి ఈసారి ఎనిమిది వేలు దాటాక తీసుకురమ్మన్నాను. వచ్చారు. ఎడమ రనౌట్ 0.03 అలాగే ఉంది, మందం తేడా 0.006, కుడి వైపు 0.005. ప్యాడ్లు లోపలా బయటా సమానంగా అరిగాయి, రెండు వైపుల వేడి తేడా పది డిగ్రీలు కూడా లేదు. లోయర్ ఆర్మ్ బుష్ పగుళ్లు కొంచెం పెరిగాయి, అది వచ్చే సర్వీసులో మారుస్తాం.